కళ్ళ గంతలు ఎప్పుడు విప్పాలి

మా వైపు గేదె కాలువలో దిగబడితే అది వార్త కాదు. ఫైర్ స్టేషనుకు కబురు వచ్చేలోపే పదిమంది రైతులు మోకు వేసి లాగేస్తారు. మేం వెళ్ళి ఒడ్డున నిలబడి, నాలుగు సలహాలు పారేసి, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేస్తాం. ఆరేళ్ళ సర్వీసులో నాకు తెలిసిన పశువుల పని ఇంతే. అలాంటిది, మెట్ట ప్రాంతంలో కొత్త స్టేషను పెట్టబోతున్నారనీ, అక్కడ గేదెలు పడేది కాలువల్లో కాదు, నలభై అడుగుల బావుల్లో అనీ, ఆ పని నేర్చుకోవడానికి ఒక మనిషిని పది రోజులు హైదరాబాదు పంపాలనీ పైనుంచి కాగితం వచ్చింది.

అరవైతొమ్మిది ఎండాకాలం అది. ప్రత్యేక తెలంగాణ కావాలని అక్కడ ఉద్యమం నడుస్తోంది. బస్సులు తగలబడుతున్నాయి, కాలేజీలు మూతపడ్డాయి. మా కోస్తా వైపు నుంచి వెళ్ళి అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని వెనక్కి వచ్చేస్తున్నారు. ఆ సమయంలో ఎదురు వెళ్ళడానికి స్టేషనులో ఎవరూ ముందుకు రాలేదు. పెళ్ళికానివాడిని, వెనకాల ఏడ్చేవాళ్ళు తక్కువ అని నన్ను తోశారు. ఆ మాట నా మొహం మీదే అన్నారు కూడా.

విజయవాడ రోడ్డు

బస్సులో తొమ్మిదిమందిమి ఉన్నాం. ఎదురుగా వచ్చే బస్సులు మాత్రం టాపు మీద పరుపుచుట్టలతో సహా కిక్కిరిసి ఉన్నాయి. సూర్యాపేటలో టీ కోసం ఆపితే, నా పక్కన కూర్చున్న పెద్దాయన, మిరపకాయల వ్యాపారి, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“యాడికి?”

“హైదరాబాదండి. ట్రైనింగుకి.”

“గా ‘అండి’ జర తగ్గించు బిడ్డా. కొన్ని దినాలు మాట తక్కువ మాట్లాడు, మంచిగుంటది.”

బెదిరింపు కాదు అది. నిజంగానే నా మంచి కోరి చెప్పాడు. ఆయన ఇచ్చిన వేయించిన పల్లీలు తింటూ మిగతా దారంతా నోరు మూసుకునే కూర్చున్నాను.

ఎల్‌బీ నగర్ అనే చోట డ్రైవరు బస్సు ఆపేసి, ముందుకు పోనన్నాడు. అక్కడ ఉన్నది రోడ్డు పక్క పది ఇళ్ళు, ఒక పంచర్ల కొట్టు, చుట్టూ రాళ్ళ గుట్టలు, మధ్యమధ్య ద్రాక్షతోటలు. రోడ్డు మీద కాలిన టైర్ల మసి నల్లగా చారలు కట్టి ఉంది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. మా ఊళ్ళో ఎంత దూరం నడిచినా పక్కన నీళ్ళు కనపడతాయి. ఇక్కడ కనుచూపు మేర రాయి. నాకు బెంగ పుట్టింది, దాచడం ఎందుకు.

దిల్‌సుఖ్‌నగర్

మా స్టేషను గుమాస్తాకు దూరపు బంధువు శేషయ్యగారు అక్కడ ఏదో ఆఫీసులో పనిచేసేవారు. వాళ్ళ వరండా గది నాకు ఇచ్చారు. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. శేషయ్యగారి భార్య తలుపు ఓరగా తీసి, గుమాస్తా ఇచ్చిన ఉత్తరం చూసుకుని గానీ గొలుసు తీయలేదు.

“పచారీ కొట్టుకి వెళ్ళినా చీటీ రాసి చూపిస్తున్నాను బాబూ, మాట్లాడకుండా,” అంది ఆవిడ. “నిన్నటిదాకా వదినా అని పిలిచినవాళ్ళే. ఎవర్ని ఏమనుకోను?”

శేషయ్యగారు పేపరు మడిచి, “వాళ్ళ బాధ వాళ్ళకుంది. వాళ్ళకు రావలసిన ఉద్యోగాల్లో మనవాళ్ళని కూర్చోబెడుతుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటారు?” అన్నారు. ఆవిడకు కోపం వచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పది రోజులూ ఆ ఇంట్లో ఈ గొడవ తెగలేదు.

తెల్లవారగానే పాలామె వచ్చింది. పేరు మరియమ్మ. ఎల్‌బీ నగర్ అవతల నాలుగు ఇళ్ళ క్రైస్తవుల వాడలో ఉంటుంది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక్కటే పాడిగేదె. ఆ గేదెకు ఆవిడ పెట్టుకున్న పేరు రాణి. బందు రోజున కూడా పాలక్యాను నెత్తిన పెట్టుకుని వచ్చేదట.

“నిన్ను ఎవరూ ఏమనడం లేదా మరియమ్మా?” అని అడిగింది ఇంటావిడ.

“ఎందుకనరు? ఆంధ్రోళ్ళకు పాలు పోస్తున్నవా అన్నరు. మరి నా పిల్లలకు మీరు బువ్వ పెడ్తరా అని అడిగిన. దారి ఇచ్చిండ్రు.”

వీధి చివర ఇరానీ హోటల్లో చాయ్ పదిహేను పైసలు. మా ఊరి టీ అయితే గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ కప్పులో పోసి, సాసరులోకి ఒంపుకుని జుర్రుకోమంటారు. చిక్కగా, బెల్లంపాకంలా ఉంది. రెండోది కూడా తాగాను.

ద్రాక్షతోట బావి

మాకు నేర్పేది స్టేషనులో కాదు. అల్మాస్‌గూడ వెళ్ళే దారిలో ఎండిపోయిన ఒక మోటబావి దగ్గర. చుట్టూ ద్రాక్షతోట, కోత అయిపోయి ఆకులు మిగిలాయి. నేర్చుకునేవాళ్ళం ఆరుగురం, నేను తప్ప అందరూ తెలంగాణవాళ్ళే. నేర్పే మనిషి యాదగిరి గారు, లీడింగ్ ఫైర్‌మన్. యాభై దాటాయి, పొట్టిగా గట్టిగా ఉంటారు. ఈ బావుల పని ఆయన సొంతంగా కనిపెట్టుకున్నది. పుస్తకంలో లేదు.

ముందు చూపించింది పాత క్యాన్వాసు గొట్టం. నీళ్ళు చిమ్మి చిమ్మి చిరిగి, మేమైతే పారేసేది. అది పరిస్తే జానెడు వెడల్పు పట్టీ అవుతుంది. గేదె ముందుకాళ్ళ వెనకాల ఒకటి, పొదుగుకు ముందు ఒకటి, రొమ్ముకు అడ్డంగా ఒకటి. మోకు వేస్తే కోసుకుపోయే చోట ఇది కోయదు. బావి మీద మూడు వాసాలు నిలబెట్టి గిలక కట్టాలి. లాగేవాళ్ళు లాగుతుంటే, వచ్చిన మోకును ఎప్పటికప్పుడు గుంజకు చుట్టి బిగబట్టేవాడు ఒకడు. కిందికి దిగి పట్టీలు కట్టి, తడిపిన గోనెగుడ్డతో కళ్ళకు గంతలు కట్టేవాడు ఒకడు. పైకి వచ్చాక తల దగ్గర నిలబడేవాడు ఒకడు.

“తలకాడ ఉన్నోడు మాట ఆపొద్దు,” అన్నారు యాదగిరి గారు. “ఏదన్న మాట్లాడు. నీ పెండ్లి సంగతి మాట్లాడు, పప్పుచారు సంగతి మాట్లాడు. బర్రె చెవుల మాట పడుతుండాలె. కాళ్ళు భూమ్మీద పెట్టినంక పెంచినామెను పిలువు. గామె చెయ్యి మెడ మీద పడాలె. అప్పుడు కండ్ల గంతలు ఇప్పు. ఆఖరికి మోకు ఒదులు. ముందుగాల గంతలు ఇప్పినవా, అది మనల్ని చూస్తది, బెదురుతది, ఎన్కకు పోతది. ఎన్క బాయి ఉంటది.”

రెండు రోజులు ఇసుక నింపిన గోనె గేదెతో ప్రాక్టీసు. దానికి కొయ్య కాళ్ళు కూడా పెట్టారు. నాకు సరిగ్గా కుదరక రెండుసార్లు దాని నడుం విరగ్గొట్టాను. ఖాజా అనే ఫైర్‌మన్, నా ఈడువాడు, నవ్వకుండా సూది దారం తెచ్చి కుట్టాడు.

మధ్యాహ్నం భోజనం జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎర్రకారం. అన్నం తప్ప ఎరగని కడుపు నాది. మొదటి రోజు రొట్టె గొంతు దిగలేదు. నీళ్ళతో మింగుతుంటే యాదగిరి గారు చూసి, మర్నాడు ఇంటినుంచి నా ఒక్కడికీ అన్నం, పచ్చిపులుసు తెచ్చారు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, గిన్నె నా ముందు పెట్టి వెళ్ళిపోయారు.

గేదె స్థానంలో నేను

మూడో రోజు ఇసుక గేదెను పక్కన పడేసి, “ఇయ్యాల మీరే బర్రెలు,” అన్నారు. ఒక్కొక్కణ్ణీ కళ్ళకు గంతలు కట్టి, పొట్టకింద ఆ పట్టీలు వేసి, బావిలోకి దింపి మళ్ళీ పైకి లాగుతారు. ఇది ఆయన పద్ధతి. తప్పించుకోవడానికి లేదు.

నా వంతు వచ్చింది. కింద బావి, పైన మోకు పట్టుకున్నది మొన్నటిదాకా ముక్కూమొహం తెలియని అయిదుగురు తెలంగాణవాళ్ళు. ఊరంతా అట్టుడుకుతున్న రోజులు. చీకట్లో వేలాడుతూ పట్టీని రెండు చేతులా పట్టుకున్నాను. తల దగ్గరి మనిషిగా గట్టున నిలబడ్డ ఖాజా మాత్రం ఒకటే మాట్లాడుతున్నాడు. వాళ్ళ అక్క నిఖాలో బిర్యానీ ఎలా మాడిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ గొంతు పట్టుకునే పైకి వచ్చాను.

కాళ్ళు నేలకు తగలగానే యాదగిరి గారు కావాలనే గంతలు లాగేశారు. ఎండ కళ్ళలో పొడిచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఖాజా నడుం పట్టుకోకపోతే బావిలోనే ఉండేవాణ్ణి.

“చూసినవా సాంబయ్యా? నువ్వు మనిషివి, నీకు ముందుగాల చెప్పిన. బర్రెకు ఎవరు చెప్పిండ్రు?” అన్నారు ఆయన.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నాకు తెలియక చేశానని తరువాత ఎవరూ అనుకోకూడదు. నాకు తెలుసు.

ఎల్‌బీ నగర్ కూడలి

అయిదో రోజు బందు. ఫైరింజను బయటికి తీయొద్దని ఆర్డరు. మేం నడుచుకుంటూ బావి దగ్గరికి చేరాం. పొద్దు కాస్త ఎక్కేసరికి మరియమ్మ పెద్దకూతురు పరుగున వచ్చింది. రాణి బావిలో పడిందని, తోటమాలి ఇక్కడికి పొమ్మన్నాడని చెప్పింది. ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. ఆ గేదె పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని నాకు తెలుసు.

వాసాలు, మోకులు ఎద్దుబండి మీద వేసుకుని బయలుదేరాం. కూడలిలో దారికి అడ్డంగా మొద్దులు పడేసి కాలేజీ పిల్లలు నిలబడ్డారు. చేతుల్లో జెండాలు, కొందరి చేతుల్లో రాళ్ళు. బండి ఆపి ఒక్కొక్కరిని ఏ ఊరని అడుగుతున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి యాదగిరి గారు ముందుకు వచ్చారు.

“మా తమ్ముని లెక్క. వానికి మాట రాదు. బర్రె బాయిల పడ్డది బిడ్డా, ఆడమనిషి ఏడుస్తుంది, పోనియ్యిండ్రి.”

వాళ్ళు పోనివ్వడమే కాదు, ఒక పాతికమంది మా వెనకాల వచ్చారు, మోకు లాగడానికి. నిజానికి వాళ్ళు లేకపోతే ఆ గేదె పైకి వచ్చేది కాదు. ఈ మాట కూడా రాయాలి.

బావిలో నీళ్ళు తక్కువ, బురద ఎక్కువ. రాణి రొమ్ములోతు బురదలో నిలబడి మూలుగుతోంది. ఖాజా దిగి పట్టీలు వేశాడు, గంతలు కట్టి పైకి వచ్చాడు. మరియమ్మ బావి అంచుకు వంగి ఏడుస్తుంటే పడిపోతుందని కాలేజీ పిల్లలు ఆమెను దూరంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. గుంజ దగ్గర యాదగిరి గారు. తల దగ్గర, ఆ రోజు వంతు ప్రకారం, నేను.

తల దగ్గర ఉన్నవాడు మాట్లాడుతూ ఉండాలి. నేను మూగవాణ్ణి.

గేదె పైకి వచ్చింది. పక్కకు లాగి కాళ్ళు నేలమీద ఆనించాం. ముక్కురంధ్రాల్లో బురద, మొహమంతా బురద, ఊపిరి బుసబుసమంటోంది. నోటితో దాన్ని ఊరడించలేను. నా చేతులు వాటంతటవే లేచాయి. మా వైపు కాలువలోంచి గేదె ఒడ్డెక్కగానే మొట్టమొదట చేసే పని మొహం కడగడం, కళ్ళలో ముక్కులో బురద తీయడం. చిన్నప్పటినుంచి చేతులకు అలవాటైన పని. ముక్కు తుడిచాను, నుదురు తుడిచాను, అదే ఊపులో బురద గోనెగుడ్డ కూడా లాగేశాను.

రాణి కళ్ళు తెరిచింది. ఎదురుగా పాతికమంది, జెండాలు. ఒక్కసారి వెనక్కి తన్నుకుంది. సడలిన మోకు గుంజ మీద ఒక్క కుదుపున బిగిసింది. యాదగిరి గారి కుడిచెయ్యి మోకుకూ గుంజకూ మధ్య ఇరుక్కుంది. వదిలేస్తే చెయ్యి వస్తుంది, గేదె బావిలోకి పోతుంది. ఆయన వదల్లేదు. పళ్ళు కరుచుకుని నిలబడ్డారు. ఈలోగా మరియమ్మ పరుగెత్తుకొచ్చి గేదె మెడ కావలించుకుంది. అది ఆగింది.

ఆయన చెయ్యి తీసేసరికి రెండు వేళ్ళు లేవు.

“ఎవడు ఇప్పిండు గంతలు?” అని ఎవరో అరిచారు. “గా మూగోడా?”

నేను నోరు తెరిచాను. యాదగిరి గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. “ఎవడు ఇప్పలే. అదే జారింది. నా చెయ్యి నేనే ఇరికించుకున్న,” అన్నారు. ఒక కుర్రాడు జెండా పక్కన పెట్టి, చొక్కా విప్పి ఆయన చేతికి చుట్టాడు. బండి మీద దవాఖానకు తీసుకెళ్ళారు. దారి పొడుగునా నేను మూగవాడిగానే కూర్చున్నాను. భయంతోనే కూర్చున్నాను.

ఆఫీసు గది

రెండు రోజుల తరువాత విచారణ. ఖాజా ముందే చెప్పాడు నాకు. “నేర్పేటోడే చెయ్యి ఇరికించుకున్నడంటే పద్ధతే తప్పంటరు. గీ బాయి కాడి పని బంద్ చేస్తరు. యాదగిరన్నను గేటు కాడ కూసోపెడ్తరు.” అంతకుమించి ఏమీ అనలేదు. గంతలు విప్పింది ఎవరో బావి పక్కనే ఉన్న అతనికి తెలియదా?

ఆఫీసరు గారు మావైపు మనిషి. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు.

“చూడు సాంబశివరావ్, పెద్దాయన తనదే తప్పని రాసిచ్చాడు. ఇంకో మూడేళ్ళలో ఎలాగూ రిటైరవుతాడు. నీకు ముందుంది సర్వీసు. ఈ రోజుల్లో మనవాణ్ణి మనం కాపాడుకోకపోతే ఎలా?”

ఆయన కూడా నా మంచి కోరే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. ఆ మాట వినగానే నా లోపల ఒకటి హాయిగా ఊపిరి పీల్చుకుంది, దాని మీద. శేషయ్యగారి ఇంట్లో రోజూ పోట్లాట దేనికో, ఆ కుర్రాళ్ళు రోడ్డు మీద నిలబడింది దేనికో, ఆ గదిలో కుర్చీ మీద కూర్చుని నాకు అర్థమైంది.

“కాగితం ఇప్పించండి,” అన్నాను.

గంతలు విప్పింది నేనని, నేర్పిన పద్ధతిలో లోపం లేదని, నేర్పిన మాట పాటించనిది నేనని రాసి సంతకం చేశాను. నా సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక వాక్యం పడింది. ఇంక్రిమెంటు ఆగింది. బావి దగ్గర శిక్షణ ఆగలేదు.

దవాఖాన

బయలుదేరే ముందు ఆయన్ను చూడడానికి వెళ్ళాను. ద్రాక్షపళ్ళు కొనుక్కెళ్ళాను, సీజను ఆఖరు కాబట్టి కిలో రూపాయిన్నర చెప్పాడు. వార్డులో ఇరువైపులా లాఠీదెబ్బలు తిన్న కాలేజీ పిల్లలు. యాదగిరి గారు నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నారు. మెచ్చుకుంటారని కాకపోయినా, కూర్చోమంటారనుకున్నాను. అనలేదు.

“అందరి ముంగట నేనొక మాట చెప్పిన,” అన్నారు. “నిన్ను బతికిద్దామని చెప్పిన. నువ్వు కాగితం రాసి నన్ను అబద్ధాలోణ్ణి జేసినవ్.”

“మీ పని ఆపేస్తారని రాశానండి.”

“నా పని సంగతి నాకు తెల్వదా? నాకు జెప్పి రాయాలె గద. ఒక్క మాట అడగాలె గద.”

అది నిజమే. ఆయన కోసం రాశాననుకున్నాను గానీ ఆయన్ను అడగాలని నాకు తట్టలేదు. నర్సు వచ్చి కట్టు మార్చింది. నేను చూడలేకపోయాను. చూడమన్నట్టు ఆయన చెయ్యి నా వైపే పెట్టారు, చూశాను.

“మరియమ్మ పాలు పోస్తుందా?” అని అడిగారు.

“పోస్తోందండి. రాణి రెండు రోజులు తక్కువిచ్చిందట. ఇప్పుడు బాగానే ఇస్తోందట.”

“ఊఁ.” కట్టు కట్టిన చెయ్యి దుప్పటి మీద పెట్టుకున్నారు. “మీ ఊర్ల నేర్పుతవా?”

“నేర్పుతాను.”

“గయితే గీ తప్పు గూడ నేర్పు. ఎవడో జేసిండని చెప్పకు. నేనే జేసిన అని చెప్పు. గప్పుడు ఇంటరు.”

వెళ్ళిరమ్మని గానీ, మళ్ళీ రావొద్దని గానీ అనలేదు. పళ్ళు పక్క మంచం పిల్లవాడికి ఇమ్మన్నారు. ఇచ్చి వచ్చేశాను.

మెట్ట స్టేషను

మా కొత్త స్టేషను పెట్టి రెండేళ్ళు కావస్తోంది. బావుల్లోంచి పదకొండు గేదెల్ని, ఒక గుర్రాన్ని తీశాం. రెండు గేదెలు పోయాయి. కొత్తగా చేరినవాళ్ళను మొదటి రోజు బావి దగ్గరికి తీసుకెళ్ళి వరసగా నిలబెడతాను. జరిగిందంతా చెప్పి, ఒక్కొక్కణ్ణీ అడుగుతాను.

“పెంచినవాళ్ళ చెయ్యి పడకముందే గంతలు విప్పింది ఎవరు?”

ఎదురుగా నిలబడ్డ పై ఉద్యోగి పేరు చెప్పడం ఎవరికైనా కష్టమే. పక్కవాడి వైపు చూస్తారు. చెప్పేదాకా నేను కదలను.

“మీరేనండి. సాంబశివరావు గారు.”

“ఏం పోయింది?”

“యాదగిరి గారి రెండు వేళ్ళండి.”

అప్పుడు మోకు చేతికిస్తాను.